ఇరవై మూడో ఆధారం

ఆఫీసులో ఆమెను అందరూ అంకెలమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది పక్క బల్ల మీద భాష దిద్దే పెద్దాయన. వాక్యంలో కామా ఎక్కడ పడాలో చూడడమే ఆయన పని కాబట్టి, చేరిన కొత్తలో ఈమె నోరుజారి "కామా మాస్టారూ" అని పిలిచింది. ఆయన ఊరుకుంటాడా? మర్నాటికల్లా ఈమెకు అంకెలమ్మ అని తగిలించాడు. పదహారేళ్లయింది, రెండు పేర్లూ ఊడిరాలేదు.

అది డాక్టర్లు రాసే వ్యాసాలు అచ్చువేసే పత్రిక. మూడు నెలలకొక సంచిక. ప్రతి వ్యాసం చివరా ఒక పట్టిక ఉంటుంది. "ఈ మాట నేను గాలిలోంచి తీసింది కాదు, ఫలానావారు ఫలానా సంవత్సరం ఫలానా పత్రికలో ఫలానా పేజీలో చెప్పారు" అని చూపించే ఆధారాల పట్టిక. వ్యాసంలో మాట పక్కన చిన్న అంకె వేస్తారు. పట్టికలో ఆ అంకెకు ఎదురుగా ఆ ఫలానావారి పేరుంటుంది. ఆ పేర్లూ సంవత్సరాలూ పేజీలూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసేది అంకెలమ్మ. ప్రతి మూలవ్యాసం తెరిచి చదవక్కర్లేదు. అలా చదువుతూ కూర్చుంటే సంచిక మూడేళ్లకొకసారి వస్తుంది. పదింటికి ఒకటి మచ్చుకు తెరిస్తే చాలని ఎడిటరు గారి నియమం.

ఆమెకు ఆ పనంటే భక్తి. పొద్దున స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఇల్లు, భర్త, అత్తమామల ఆరోగ్యం అన్నీ అయ్యాక చివర్లో ఒక మాట చేరుస్తుంది: "ఇవాళ నా కన్నుగప్పి ఏ అంకె కూడా జారిపోకుండా చూడు తండ్రీ." అంత చిన్న కోరిక దేవుణ్ణి ఇంకెవరూ అడిగి ఉండరని ఆమె నమ్మకం.

ఆ మంగళవారం ఒక కొత్త వ్యాసం వచ్చింది. ముసలివాళ్ల వార్డుల్లో నిద్ర గురించి. అరవై రెండు ఆధారాలు. పేర్ల మీద పెన్సిలు నడుపుకుంటూ వెళ్తుంటే నలభై ఒకటో అంకె దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ ఉన్నది మామగారి పేరు.

"మాస్టారూ, మా మామయ్యగారు!" అని కాగితం ఎత్తి చూపించింది.

కామా మాస్టారు కళ్లజోడు పైకి నెట్టుకుని, "మళ్లీనా? ఇది ఎన్నోసారి?" అన్నాడు.

"నలభై ఏడు."

"మా కాలనీ సంఘం ఎన్నికల్లో గెలిచినాయనకే ముప్ఫై ఓట్లు పడ్డాయమ్మా. మీ మామగారిని ఇటు పంపించు."

మామగారు బోలెడు వ్యాసాలు రాసిన మనిషి కాదు. ఒక చిన్న ఆస్పత్రిలో ఎముకల వార్డులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన డాక్టరు. జీవితంలో ఆయన రాసింది ఒకే ఒక్క వ్యాసం, ఆరు పేజీలు. తుంటి విరిగి ఆపరేషను చేయించుకున్న ముప్ఫై ఎనిమిది మంది ముసలివాళ్లను వారాల తరబడి మంచాన ఉంచకుండా, మర్నాడే లేపి వరండాలో నడిపించాడు. ఎవరు ఎన్ని అడుగులు వేశారో, ఎన్నో రోజున ఇంటికి వెళ్లారో రాసిపెట్టాడు. చాలా ఏళ్లు ఆ ఆరు పేజీల వంక కన్నెత్తి చూసినవాడు లేడు. ఆయన రిటైరయ్యాడు, కంట్లో శుక్లాలొచ్చాయి, వినికిడి తగ్గింది. అప్పుడు మొదలైంది, ఎవరో ఒకరు ఆయన్ని తమ వ్యాసంలో ఆధారంగా చూపించడం. ఏడాదికి నాలుగు, ఐదు. ప్రతి నెలా ఒకటో తారీఖున కొడుకు ఫోనులో చూసి అంకె చెబుతాడు. ఆయన నోటుపుస్తకంలో తారీఖు వేసి రాసుకుంటాడు. ఆ వ్యాసాలు చందాదారులకు తప్ప తెరుచుకోవు. పేర్లు మాత్రం కనిపిస్తాయి. వాటిలో నిద్ర అన్న మాట చూసినప్పుడల్లా, "నడిచినవాళ్లకు రాత్రి బాగా నిద్ర పట్టిందని నేనొక వాక్యం రాశానర్రా! చూశారా, దాన్ని పట్టుకున్నారు" అని మురిసిపోయేవాడు. ఇప్పుడు పాత డాక్టర్ల సంఘం వాళ్లు ఆయనకు సన్మానం పెట్టారు. వచ్చే ఆదివారం కాదు, ఆ పై ఆదివారం. ఆహ్వానం మీద "నలభై ఆరు పరిశోధనలకు ఆధారమైన వైద్యుడు" అని అచ్చు కూడా అయిపోయింది.

అందుకని అంకెలమ్మ నలభై ఒకటో ఆధారాన్నే మచ్చుకు ఎంచుకుంది. పని కన్నా ముచ్చటే ఎక్కువ. ఆయన గురించి ఏం రాశారో చదివి ఇంట్లో చెబుదామని, వ్యాసంలో ఆ అంకె ఉన్న వాక్యం వెతికింది.

"నిద్రమాత్రను సగం మోతాదులో నెలల తరబడి ఇచ్చినా వృద్ధులకు హాని లేదని తేలింది." పక్కన చిన్నగా నలభై ఒకటి.

రెండోసారి చదివింది. నిద్రమాత్రేమిటి, మామగారేమిటి?

రచయితకు ఫోను చేసింది. "ఫలానావారి వ్యాసంలోంచి తీసుకున్నానండీ, వాళ్లూ అలాగే రాశారు" అన్నాడాయన. "మూలం చూశారా?" అంటే, "పేరున్న పత్రికలో వచ్చిందండీ" అన్నాడు. ఆ ఫలానావారిని తెరిచింది. వాళ్లు ఇంకొకరి నుంచి తీసుకున్నారు. ఆ ఇంకొకరు మరొకరి నుంచి. తాడు పట్టుకుని బావిలోకి దిగినట్టు ఒక్కొక్క వ్యాసమే దిగుతూ పోయింది. దిగేకొద్దీ వాక్యం కూడా మారుతూ పోయింది. పైన "నెలల తరబడి" అని ఉన్నది కాస్తా కింద "కొన్ని వారాలు" అయింది, దాని కింద ఉత్త "సగం మోతాదు చాలు" అయింది. అట్టడుగున తేలింది పరాయి పత్రిక కాదు, పదకొండేళ్ల నాటి తమ సంచికే. అందులో ఒక పెద్ద డాక్టరు రాసిన సుదీర్ఘ వ్యాసం. "సగం మోతాదు రెండు రాత్రులకు సరిపోతుంది" అన్న వాక్యం. పక్కన ఇరవై మూడు.

పట్టికలో ఇరవై మూడు, మామగారు. దానికి సరిగ్గా పైన, ఇరవై రెండో చోట, నిద్రమాత్ర సగం మోతాదు మీద ఇంకెవరిదో పరిశోధన.

అంకెలమ్మ పెన్సిలు కింద పెట్టేసింది.

పాత ప్రూఫుల కట్టలు, అంటే అచ్చుకు వెళ్లేముందు దిద్దిన కాగితాలు, కింది అంతస్తులో ఒక కిటికీ లేని గదిలో ఉంటాయి. ఆ గది తలుపు దానంతటదే మూసుకుపోతుంది, లోపలినుంచి తెరుచుకోదు. అందుకే గుమ్మానికి కుర్చీ అడ్డం పెట్టి మరీ వెళ్తారు. బుధవారం పొద్దున్నే ఆమె కుర్చీ పెట్టి లోపలికి వెళ్లింది. కట్ట దొరికింది. ఆకుపచ్చ సిరాతో ఉన్న దిద్దుబాట్లు తన చేతివే.

ఏం జరిగిందో కాగితమే చెప్పింది. పట్టికలో నాలుగో ఆధారం, తొమ్మిదో ఆధారం ఒకటే; పొరపాటున రెండుసార్లు వచ్చింది. తను తొమ్మిదిని కొట్టేసి, కింద ఉన్నవాటిని ఒక్కో మెట్టు పైకి జరిపింది. అదే వేళకు రచయిత ఇంకో కొత్త ఆధారం పంపితే దాన్ని ఇరవై నాలుగో చోట ఇరికించింది. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది. వ్యాసంలో చివరి అంకె అరవై, పట్టికలో చివరి అంకె అరవై. మూలన "60 = 60, సరి" అని రాసి సంతకం పెట్టింది. పట్టికను జరిపింది గానీ వ్యాసంలోని అంకెలను జరపలేదు. తొమ్మిదో అంకె నుంచి, కొత్తది ఇరికించిన చోటు దాకా, ప్రతి మాటా పక్కవాడి నెత్తినెక్కి కూర్చుంది. మిగతా మాటలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. నిద్రమాత్ర మాటే అందరికీ కావాల్సొచ్చింది.

ఆ రోజు కూడా బాగా గుర్తుంది ఆమెకు. మామగారి పేరు ఒక పట్టికలో చూడడం అదే మొదటిసారి. ఎప్పుడెప్పుడు ఇంటికెళ్లి చెబుదామా అని చెయ్యి ఒక చోట, మనసు ఒక చోట.

అసలు ఇరవై రెండో పరిశోధన తెరిచి చదివింది. సగం మాత్ర రెండు రాత్రులే ఇవ్వాలి, మూడో రాత్రి ఆపాలి అని అందులో స్పష్టంగా ఉంది. ఆపకుండా ఇచ్చిన యాభై మందిలో ఏడుగురు మత్తులో బాత్‌రూముకు లేచి పడ్డారు. ముగ్గురికి తుంటి విరిగింది.

తుంటి విరిగినవాళ్లను లేపి నడిపించడమే పనిగా బతికిన మనిషి ఆయన. ఆయన పేరు చూపించి ముసలివాళ్లకు మత్తు ఇస్తున్నారు. పడుతున్నారు. విరుగుతున్నాయి.

ఆమె అక్కడే కట్టల మధ్య కూర్చుండిపోయింది. పదహారేళ్లుగా రోజూ ఒకే కోరిక. విన్నాడా దేవుడు, వినలేదా? విని ఊరుకున్నాడా? తప్పు చేసిన రోజునే ఒక్క మొట్టికాయ వేసి చెప్పి ఉండొచ్చుగా. ఇంతమంది దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించేదాకా ఆగడమెందుకు?

ఆ రోజంతా కూర్చుని నలభై ఆరు వ్యాసాలూ ఒక్కొక్కటే తెరిచి చూసింది. నలభై నాలుగు నిద్రమాత్ర కోసం. మామగారు నిజంగా చెప్పినది చదివి రాసినవాళ్లు ఇద్దరు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి హాల్లో మామగారు నిలబడి ఉపన్యాసం సాధన చేస్తున్నాడు. అత్తగారు బఠాణీలు వొలుస్తూ వింటోంది.

"నా ఈ చిరు ప్రయత్నం నలభై ఆరు మంది పరిశోధకులకు దారి చూపిందంటే..."

"నలభై ఆరు మందిలో ఒక్కడైనా మన గుమ్మం తొక్కి, ఎలా ఉన్నారండీ అని అడిగాడా?" అంది అత్తగారు.

"నీకు తెలీదు, ఊరుకో. రేపు నేను పోయినా నా పేరు ఆ పట్టికల్లో ఉంటుంది."

"నా పేరు ఉండొద్దూ? ఆ ఆరు పేజీలు రాసినన్నాళ్లూ పిల్లాడు గుక్కపట్టి ఏడిస్తే వీధి చివరిదాకా ఎత్తుకు తిప్పింది ఎవరంట? ఏమే కోడలా, నాకూ ఒక అంకె వేయించు."

మామగారు పకపకా నవ్వాడు. రిటైరైన కొత్తలో ఈ మనిషి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, పలకరిస్తే "ఊ" అనేవాడు, అంతే. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఆయన్ని మళ్లీ మనుషుల్లో కలిపింది ఆ నోటుపుస్తకంలోని అంకే. అంకెలమ్మ అక్కడ ఆగకుండా లోపలికి నడిచింది.

వంటింట్లో భర్తకు చెప్పింది. ఆయన నీటి సరఫరా విభాగంలో పంపులు బాగుచేసే మనిషి; ఏదైనా పూర్తిగా విన్నాకే మాట్లాడతాడు.

"నాన్నకి చెప్పకు" అన్నాడు.

"అక్కడ ముసలివాళ్లు పడిపోతున్నారండీ."

"ఎక్కడో ఎవరో. ఈయన మన కళ్లముందు పడిపోతాడు. సన్మానం అయ్యాక చూద్దాంలే."

"ఈ సంచిక వచ్చే బుధవారం అచ్చుకు వెళ్లిపోతుంది. అది దాటితే మళ్లీ మూడు నెలలు."

"పదకొండేళ్లు ఆగింది, మూడు నెలలు ఆగదా?"

ఆయన ముఖంలో దురుసు లేదు, బతిమాలుతున్నాడు.

గురువారం ఎడిటరు గారి గదికి వెళ్లి ప్రూఫు బల్ల మీద పెట్టింది. ఆయన చదివాడు. "ఎవరు చేశారిది?"

"నేనేనండి."

ఆయన లేచి తలుపు మూశాడు. "నువ్వు నాకీ మాట చెప్పలేదు, నేను వినలేదు. ఇంకా ఐదేళ్ల సర్వీసుంది నీకు. తెలిసిందా?"

"సవరణ వేద్దామండి."

"పాత వ్యాసానికి సవరణ వేయాలంటే రాసినాయన సంతకం కావాలమ్మా. ఆయన పోయి నాలుగేళ్లయింది. పైలోకానికి ప్రూఫులు ఎవరు తీసుకెళ్తారు?"

"ఇంకో దారే లేదా?"

"ఒక్కటుంది. ఎవరి మాటని తప్పుగా వాడారో ఆ మనిషి స్వయంగా ఉత్తరం రాయాలి. రాస్తే వేయక తప్పదు, అది నియమం." ఆయన ఇరవై మూడో అంకె ఎదురుగా ఉన్న పేరు చూశాడు. "అవునూ, ఇది మీ ఇంటిపేరే కదా?"

"మా మామగారు."

"అయ్యయ్యో" అన్నాడాయన. ఇంకేమనాలో తోచక ఆమెకు టీ తెప్పించాడు.

అందరూ మంచివాళ్లే. అదే వచ్చిన చిక్కు. కసిరికొట్టేవాడు ఒక్కడున్నా తిరగబడి బయటపడేది. ఇలా దయగా చుట్టూ కూర్చుని దారి మూసేస్తే ఎవరిని తోసుకుని వెళ్తుంది? శుక్రవారం చెబుదామని మామగారి గది దాకా వెళితే, అత్తగారు ఆయన కోటుకు ఊడిన బొత్తాం కుడుతూ, "ముప్ఫై ఏళ్ల కోటు, ఇప్పటికీ సరిపోయింది చూడు" అంది. తిరిగొచ్చేసింది. శనివారం పక్కింటి దంపతులు అభినందించడానికి వచ్చి రెండు గంటలు కూర్చున్నారు. ఆఫీసులో ఊపిరాడలేదు, ఇంట్లో ఊపిరాడలేదు, మధ్యలో బస్సులోనే కాస్త నయం. ఆదివారం పొద్దున దేవుడి ముందు నిలబడితే కోరిక నోటికి రాలేదు. అడగడానికేముంది? ఉన్న తలుపు ఒకటే, దాని వెనక మామగారున్నాడు.

ఆయనే పిలిచాడు. "అమ్మాయ్, ఒకసారి ఇలా రా. అంకెలు చూసేదానివి కదా. ఉపన్యాసంలో నలభై ఆరు అని రాసుకున్నాను. మొన్న ఇంకోటి వచ్చిందని మీ అత్తయ్యతో అన్నావుట. నలభై ఏడు చేసెయ్యనా?"

కాగితం చేతికిచ్చాడు. సరిచూడమని చేతికిచ్చిన కాగితం మీద తప్పును తప్పనకుండా వెనక్కి ఇవ్వడం ఆమెకు చేతకాలేదు.

"మామయ్యగారూ, ఆ అంకె సరైంది కాదు."

"ఎంతుండాలి?"

"రెండు."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు, సరిగ్గా వినపడలేదేమో అన్నట్టు. ఆమె నేల మీద కూర్చుని మొదటినుంచి చెప్పింది. తొమ్మిదిని కొట్టేయడం, పట్టికను జరపడం, అరవై అరవై సరిపోవడం. నిద్రమాత్ర సంగతి మాత్రం చెప్పలేదు; ఎవరిదో మాట మీ పేరు పక్కన పడిందని ఊరుకుంది. ఒక్క దెబ్బ చాలనుకుంది.

"నలభై నాలుగు మందిలో ఒక్కరూ తెరిచి చూడలేదా?"

"లేదండి."

"నువ్వో? నా వ్యాసం నువ్వెప్పుడు చదివావు?"

ఆమె తలవంచుకుంది. "మొన్న బుధవారం."

"పద్దెనిమిదేళ్లయింది నువ్వీ ఇంటికొచ్చి" అన్నాడాయన. కోపంగా కాదు, లెక్క చూసుకుంటున్నట్టు. "వెళ్లమ్మా. తలుపు వేసి వెళ్లు."

మధ్యాహ్నం భోజనానికి రాలేదు. రాత్రి భోజనానికీ రాలేదు. అత్తగారు కంచం లోపలికి తీసుకెళ్లి, అలాగే తిరిగి తెచ్చింది. "ఏం చెప్పావే ఆయనకి?" అంది. కోడలు చెప్పింది. అత్తగారు కంచం కింద పెట్టి, "నేనయితే చెప్పేదాన్ని కాదు" అంది. మెచ్చుకుందో, తిట్టిందో తేల్చుకోవడం అంకెలమ్మ వల్ల కాలేదు. భర్త ఆమెకేసి చూడకుండా పంపు చప్పుడు వస్తోందని డాబా మీదికి వెళ్లాడు.

సోమవారం ఆమె ఆఫీసుకు బయల్దేరుతుంటే మామగారి తలుపు తెరుచుకుంది. గడ్డం గీసుకోలేదు. "ఇంతకీ వాళ్లు నేనేం చెప్పానంటున్నారు? అది చెప్పలేదే నువ్వు?"

దాచడానికి ఇక చోటు లేదు. సగం మాత్ర, నెలల తరబడి, హాని లేదు. బాత్‌రూముకు లేచినవాళ్లు. ఏడుగురు. ముగ్గురు.

"నేనా?" అన్నాడాయన. గోడ పట్టుకున్నాడు. "నేను చెప్పాననా?"

"మీ పేరుందండి."

"ఆ ముప్ఫై ఎనిమిది మందిలో ఇరవై మంది అలా పడ్డవాళ్లేనే అమ్మాయ్! మంచం మీంచి, మెట్ల మీంచి, మత్తులో..." గోడ వదిలి, "కాగితం తీసుకో" అన్నాడు.

ఆమె ఆఫీసుకు ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి కూర్చుంది. ఆయన గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పాడు, ఆమె రాసింది. మొదటి నాలుగు వాక్యాలు చక్కగా వచ్చాయి. ఐదో వాక్యం, "మూలం తెరిచి చూడకుండా ఎవరో రాసిందాన్ని ఎత్తి రాసుకునే ఈ బద్ధకస్తులు వైద్యులు కారు."

కలం ఆగింది.

"రాయవేం?"

"మామయ్యగారూ, మీ వ్యాసంలో ఏడో ఆధారం... ఆ పత్రికలో మీరు చెప్పిన పేజీ లేదండి. ఆ ఏడాది మొత్తం సంచికలు మూడు వందల పేజీలతో అయిపోయాయి. మీరు నాలుగు వందల పన్నెండు అని వేశారు."

ఆయన తిరగడం ఆపేశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఆ పత్రిక మా లైబ్రరీకి వచ్చేది కాదు" అన్నాడు చివరికి. "ఇంకొకాయన పట్టికలోంచి తీసుకున్నా."

బయటినుంచి అత్తగారు, "బాగుంది వరస!" అంది.

"నువ్వెప్పుడొచ్చావక్కడికి?"

"పిల్లాణ్ణి ఎత్తుకు తిప్పినప్పటినుంచీ ఇక్కడే ఉన్నా."

ఆయన కుర్చీలో కూలబడి, "ఆ ఐదో వాక్యం కొట్టెయ్యి" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నానికి ఉత్తరం సంచికలో చేరింది. దాని కింద వేయాల్సిన వివరణలో అంకెలమ్మ "ఈ పొరపాటు ఆధారాలు సరిచూసిన ఉద్యోగినిది" అని రాసి ఇచ్చింది. ఎడిటరు గారు అది కొట్టేసి "పత్రికది" అని రాశాడు. "నీ పేరు వేస్తే నాదీ వేయాలి. ఆ ప్రూఫు మీద రెండో సంతకం నాదే" అన్నాడు కిందికి చూస్తూ. తప్పించుకున్నందుకు హాయిగా ఉంది, హాయిగా ఉన్నందుకు సిగ్గుగా ఉంది.

మామగారు సంఘం కార్యదర్శికి ఫోను చేసి సన్మానం వద్దన్నాడు. "కార్డులు పంచేశాం డాక్టరుగారూ, హాలు మాట్లాడేశాం. నలభయ్యో, నాలుగో ఎవరు లెక్కపెడతారండీ? వచ్చి కూర్చోండి చాలు" అన్నాడు కార్యదర్శి. ఫోను పెట్టేసి ఆయన, "నేనే రాయించిన అంకెలో నేనే ఇరుక్కున్నాను" అన్నాడు. కోటు వేసుకోక తప్పలేదు.

ఆదివారం హాల్లో డెబ్బై కుర్చీలు, నలభై మంది మనుషులు. అంకెలమ్మ మూడో వరసలో అత్తగారికీ భర్తకూ మధ్య కూర్చుంది. కార్యదర్శి మైకులో, నలభై ఏడు పరిశోధనలకు వెలుగుచూపిన మహనీయుడు అన్నాడు. ఎవరో తాజా లెక్క అందించినట్టున్నారు. చప్పట్లు కొట్టారు. మామగారు లేచి, ఉపన్యాసం బదులు ఉత్తరం తీసి చదివాడు. తను చెప్పింది నడక గురించి, నిద్రమాత్ర గురించి తనకేమీ తెలియదు, తన పేరు చూసి ఎవరికైనా మాత్ర ఇస్తుంటే దయచేసి మళ్లీ ఆలోచించండి అన్నాడు. తనను చదివినవాళ్లు ఇద్దరే అన్నాడు.

అంతకుముందుకన్నా గట్టిగా చప్పట్లు.

"చూశారా!" అన్నాడు కార్యదర్శి, మైకు అందుకుని. "ఇంత పేరొచ్చినా ఎంత నిగర్వి! ఎంత వినయం!"

మామగారు వేదిక మీంచి కోడలి వంక చూశాడు. ఆ చూపుకు ఆమె దగ్గర ఏ దిద్దుబాటూ లేదు. చేతిలో జ్ఞాపిక పెట్టారు, ఫోటోలు తీశారు, అటూ ఇటూ భుజాలు పట్టుకుని నిలబెట్టారు. నిజం చెప్పడానికి వచ్చిన మనిషిని నిజం చెప్పినందుకే మెచ్చుకుని నోరు కట్టేశారు. ఆయన దిగివచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుని, "విన్నారంటావా ఎవరైనా?" అన్నాడు. కోడలు, లేదని చెప్పలేక నీళ్ల గ్లాసు అందించింది.

జనం ఫలహారాల వైపు నడుస్తున్నారు. వెనక వరసలోంచి యూనిఫారం మీద స్వెట్టరు వేసుకున్న ఒక నర్సు వాళ్లను దాటుకుని ఇటు వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది.

"సార్, ఒక్కమాట. మీరు అన్నది మర్యాదకా, నిజంగానా?"

"నిజంగానేనమ్మా."

"మా ముసలివాళ్ల వార్డులో గోడ మీద చార్టు ఉంటుంది సార్. సగం మాత్ర ఇవ్వొచ్చని. కింద మీ పేరే ఉంది. అందుకే మిమ్మల్ని చూద్దామని వచ్చాను."

మామగారు జ్ఞాపికను కాళ్ల దగ్గర నేల మీద పెట్టాడు. "ఎంతమందికి ఇస్తున్నారు?"

"పద్నాలుగు మందికి. ఒకాయనకి ఏడు నెలల నుంచి."

"కూర్చో. ఒక్కసారిగా ఆపెయ్యకూడదు, మీ డాక్టరుతో మాట్లాడాలి. ముందు ఒక్కొక్కళ్ల సంగతీ చెప్పు. అమ్మాయ్, రాసుకో."

అంకెలమ్మ ఆహ్వానపత్రం వెనకవైపు తిప్పి ఒళ్లో పెట్టుకుంది. నర్సు మంచాల వరసన చెబుతూ పోయింది. వయసు, ఎన్నాళ్ల నుంచి, పడ్డారా లేదా. మామగారు వినపడనిచోట మళ్లీ చెప్పించుకున్నాడు. దూరం నుంచి అత్తగారు, "అక్కడ అన్నీ అయిపోతున్నాయండీ, తర్వాత నన్నడగొద్దు" అని కేకేసింది. ఎవరూ లేవలేదు.

"ఆరో మంచంలో ఒక పెద్దావిడ సార్. తుంటి ఆపరేషనయి మూడు వారాలు."

"ఎన్ని అడుగులు వేస్తోంది?"

నర్సు తడబడింది. "లేపలేదు సార్. ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది కదా."

మామగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, "రేపు పొద్దున రావచ్చా మీ వార్డుకి?" అని అడిగాడు.

"తొమ్మిదింటికి డాక్టరుగారు రౌండ్లకొస్తారు. ఎనిమిదికి రండి. లోపలికి రానిస్తారో లేదో మాత్రం నేను చెప్పలేను సార్. మీరు రిటైరైనవాళ్లు."

"రానియ్యకపోతే గేటు దగ్గర నిలబడతాను. ఈ అమ్మాయి తోడొస్తుంది."

రేపు సోమవారం. బల్ల మీద, వచ్చే సంచికకు వాయిదా పడిన అరవై రెండు ఆధారాల వ్యాసం ఇంకా అలాగే ఉంది, ఎడిటరు గారు రెండుసార్లు అడిగాడు. అంకెలమ్మ ఆ మాట ఎత్తలేదు. ఆరో మంచం ఎదురుగా "లేపలేదు" అని రాసి, కింద పొద్దున ఎనిమిది అని వేసి, "తర్వాతి మంచం చెప్పండి" అంది.